వైజాగ్ తీరంలో నీటి కాంతి లక్షణాలు కొలవాలి: ఉన్న పరికరాలతో ఎంతవరకు వెళ్ళొచ్చు?

అలల_లావణ్య
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకి "తీరజలాల కాంతి లక్షణాలు" అని అంశం ఇచ్చారు. గైడ్ గారు ఊళ్ళో లేరు, వచ్చేలోపు ప్లాను రాసి పెట్టమన్నారు.

మా దగ్గర ఉన్నవి ఇవి. 25 సెంటీమీటర్ల దారి ఉన్న ట్రాన్స్‌మిసోమీటర్ ఒకటి (నీటి గుండా కాంతి ఎంత దాటుతుందో చూసేది; 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, పాతదే), అడిగితే ఇచ్చే సీటీడీ (ఉప్పు, ఉష్ణోగ్రత, లోతు కొలిచేది), ల్యాబులో డబుల్ బీమ్ స్పెక్ట్రోఫోటోమీటర్, స్టోర్ రూములో ఒక సెక్కీ డిస్క్ (తాడు కట్టి ముంచి ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూసే తెల్ల పళ్ళెం). ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మాట్లాడుకుని 30 మీటర్ల లోతు దాకా వెళ్ళొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు టైముంది.

సీనియర్ ఒకరు "ఏసీ-ఎస్ లేకుండా ఆప్టిక్స్ ఏంటి" అని నవ్వేశారు. నీరు కాంతిని ఎంత మింగుతుందో, ఎంత చెదరగొడుతుందో విడివిడిగా కొలిచే ఆ పరికరం ధర చూశాక టెన్షన్ పట్టుకుంది. ఉన్నవాటితో పనికొచ్చేది ఏమైనా చెయ్యొచ్చా?

పిక్సెల్_ప్రసాద్
బోటు, డీజిలు, వాంతులు ఇవన్నీ ఎందుకమ్మా? 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఓషన్‌శాట్-3లో సముద్రపు రంగును 13 బ్యాండ్లలో (కాంతి ముక్కల్లో) చూసే ఓసీఎం-3 ఉంది. యూరప్ వాళ్ళ సెంటినెల్-3లో 21 బ్యాండ్లు, 300 మీటర్ల పిక్సెల్. 2024 ఫిబ్రవరిలో నాసా వాళ్ళ పేస్ ఉపగ్రహం కూడా ఎక్కింది. డేటా ఉచితం. హైదరాబాద్‌లో కూర్చుని నేను చేసేది ఇదే.

కాకినాడ_మూర్తి
ప్రసాద్ గారూ, అక్టోబరు, నవంబరుల్లో మా తీరం మీద మబ్బు లేని రోజులు ఎన్ని దొరుకుతాయో మీరే చూసి చెప్పండి. తుపాను సీజనండీ అది. పైగా హార్బర్ ముఖద్వారం దగ్గర 300 మీటర్ల పిక్సెల్లో సగం బ్రేక్‌వాటర్ రాళ్ళే వస్తాయి. పక్కనున్న నేల వెలుతురు కూడా నీటి పిక్సెల్లోకి చొరబడుతుంది.

అమ్మాయి, నువ్వు బోటెక్కు. కానీ తుపాను హెచ్చరిక ఉన్న వారం వద్దు. సరంగు వెళ్దామన్నా నువ్వు ఎక్కొద్దు.

ఫిజిక్స్_మాష్టారు
పరికరాల జోలికి పోకముందు ఒక విషయం తేల్చుకోవాలి లావణ్యా. నువ్వు కొలవాలనుకుంటున్నది నీటి సొంత గుణమా, లేక ఆ రోజు ఆ ఎండలో నీరు ఎలా ఉందన్నదా?

మొదటి రకం నీటిలో ఉన్న సరుకు మీదే ఆధారపడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నా, అర్ధరాత్రి అయినా మారదు. కాంతిని ఎంత మింగుతుంది (శోషణ), ఎంత చెదరగొడుతుంది (పరిక్షేపణ), రెండూ కలిపి సన్నని కిరణం మీటరుకి ఎంత తగ్గుతుంది (బీమ్ అటెన్యుయేషన్), ఇవన్నీ అందులోకి వస్తాయి. రెండో రకంలో ఎండ కోణం, మబ్బు, అల కూడా కలుస్తాయి. లోతుకి వెళ్ళేకొద్దీ పగటి వెలుతురు తగ్గే రేటు, ఉపగ్రహం చూసే రంగు, సెక్కీ లోతు ఈ కోవవి. 1961 ప్రాంతంలో ప్రైజెన్‌డోర్ఫర్ ఈ విభజన చేశాడు. ఇప్పటికీ సముద్ర ఆప్టిక్స్ దీని మీదే నడుస్తోంది.

నీ ట్రాన్స్‌మిసోమీటర్ మొదటి రకం, సెక్కీ డిస్క్ రెండో రకం. ఒకదాని అంకెను రెండోదానితో నేరుగా పోల్చి "తేడా వచ్చింది" అని రాస్తే వైవాలో దొరికిపోతావు.

ఇంకొకటి. ఒక గ్లాసులో పల్చటి టీ డికాక్షన్, ఇంకో గ్లాసులో రెండు చుక్కలు పాలు కలిపిన నీళ్ళు పెట్టుకో. రెండిటి గుండా లేజర్ పాయింటర్ వేస్తే అవతల వెలుతురు తగ్గుతుంది. డికాక్షన్ మింగేసింది, పాలు పక్కకి చిమ్మేశాయి. ట్రాన్స్‌మిసోమీటర్‌కి ఈ తేడా తెలియదు, మొత్తం నష్టం ఒక్కటే చెబుతుంది. ఏసీ-ఎస్ అంత ఖరీదు కావడానికి కారణం అక్కడే ఉంది. అందులో ఒక గొట్టం లోపల అద్దంలా మెరుస్తూ చెదిరిన కాంతిని తిరిగి డిటెక్టర్‌కి చేరుస్తుంది, కాబట్టి అక్కడ తగ్గింది చాలావరకు శోషణే. నల్లటి రెండో గొట్టం చెదిరినదాన్ని పోనిస్తుంది. రెండిటి తేడాయే పరిక్షేపణ.

అలల_లావణ్య
మాష్టారూ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అయితే నా ట్రాన్స్‌మిసోమీటర్ రీడింగు బురదని చూపిస్తోందా, రంగుని చూపిస్తోందా అన్నది ఎలా తెలుస్తుంది?

హాలిఫాక్స్_హరి
660 నానోమీటర్ల దగ్గర చాలావరకు బురదే, అంటే కణాలే. నీటిలో కరిగిన రంగు పదార్థం, మా వాడుకలో సీడామ్, నీలం వైపే గట్టిగా మింగుతుంది. ఎరుపుకి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. అందుకే ట్రాన్స్‌మిసోమీటర్లకి ఎరుపు దీపం పెడతారు. శుద్ధ జలం ఆ ఎరుపును మీటరుకి సుమారు 0.4 మింగుతుంది, కానీ పరికరాన్ని శుద్ధ జలం ఆధారంగానే కాలిబ్రేట్ చేస్తారు కాబట్టి ఆ వాటా ముందే పోతుంది.

నేను కెనడాలో సెన్సర్ల పనిలో ఉన్నాను. మీ పాత పరికరం గురించి మొదటి ప్రశ్న ఇదే: కాలిబ్రేషన్ షీటు ఉందా? ఉంటే ఇలా చెయ్యండి. రెండు వైపులా ఉన్న కిటికీ అద్దాలను పల్చటి గిన్నెల సబ్బుతో, తర్వాత డీఅయోనైజ్డ్ నీటితో కడిగి, నూగు రాలని లెన్స్ పేపర్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అసిటోన్ దగ్గరికి రానివ్వకండి. ఆరాక గాలిలో రీడింగు, కిరణానికి వేలు అడ్డం పెట్టి చీకటి రీడింగు రాసుకోండి. షీటులో ఉన్న రెండిటితో పోల్చి ఇక్కడ పెట్టండి.

అలల_లావణ్య
షీటు దొరికింది హరి గారూ, పెట్టె మూత లోపల అతికించి ఉంది. షీటులో గాలి 4.78 వోల్టులు, చీకటి 0.06. పెట్టెలోంచి తీసినప్పుడు గాలి 4.31 వచ్చింది. మీరు చెప్పినట్టు కడిగాక 4.69. చీకటి మాత్రం అదే 0.06.

హాలిఫాక్స్_హరి
మంచి వార్త. పరికరం బతికే ఉంది.

లెక్క చూడండి. చీకటి తీసేస్తే షీటులో 4.72, ఇప్పుడు 4.63. నిష్పత్తి 0.981. అంటే దీపం, అద్దాలు కలిపి 2 శాతం తగ్గాయి. దీన్ని పట్టించుకోకపోతే ప్రతి కొలతలోనూ మీటరుకి 0.077 దొంగ అటెన్యుయేషన్ చేరుతుంది (0.981కి సహజ లాగరిథం తీసి, గుర్తు మార్చి, 0.25తో భాగించండి). కడగకముందు రీడింగుతో వెళ్ళి ఉంటే దొంగ వాటా 0.42.

ఇది ఎక్కువా తక్కువా అన్నది నీటిని బట్టి ఉంటుంది. హార్బర్ ముఖద్వారంలో అసలు విలువే మీటరుకి 5 ఉందనుకోండి, 0.077ని ఎవరూ చూడరు. తేటగా ఉండే నడిసముద్రంలో కణాల వాటా మొత్తమే అంత ఉండొచ్చు, అక్కడ మీ కొలత చెల్లదు. మీరు 30 మీటర్ల లోతు దాకానే కాబట్టి, షీటులోని శుద్ధ జలం విలువను ఇదే 0.981 నిష్పత్తిలో తగ్గించి వాడితే సరిపోతుంది. ప్రతి ట్రిప్పుకీ ముందూ వెనకా గాలి రీడింగు తప్పనిసరి.

వరద నీరు మరీ చిక్కగా ఉంటే ఇంకో ఇబ్బంది వస్తుంది. 25 సెంటీమీటర్లలో 5 శాతమే అవతలికి చేరితే విలువ 12. ఆ స్థితిలో చెదిరిన కాంతి కొంత తిరిగి డిటెక్టర్లో పడి నీరు ఉన్నదానికంటే తేటగా కనిపిస్తుంది. అలాంటి చోట 10 సెంటీమీటర్ల దారి ఉన్నది మేలు. మీ దగ్గర లేదు కాబట్టి ఆ స్టేషన్ల అంకెలను కనీస విలువలుగా రాయండి.

నీలికలువ
చదువుతుంటే బాగుంది, నాకు సగమే అర్థమైంది. ఒక అమాయకపు ప్రశ్న. ఇంత లెక్క ఉన్నచోట ఆ తెల్ల పళ్ళెం ఇంకా ఎందుకు? తాడు కట్టి ముంచి "కనపడట్లేదు" అని రాసుకోవడం సైన్సేనా?

పిక్సెల్_ప్రసాద్
నా ఓటు కూడా అటే. 1865లో పోప్ గారి ఓడ మీద పాదరీ సెక్కీ చేసిన ప్రయోగం అది. మ్యూజియంలో పెట్టాలి.

కాకినాడ_మూర్తి
ప్రసాద్ గారూ, ఆ "మ్యూజియం ముక్క" లోతుని మీ ఉపగ్రహ డేటాలోంచి లాగడానికి 2015లో జాంగ్‌పింగ్ లీ బృందం కొత్త సిద్ధాంతమే రాసింది. ఎందుకంటారు? నూట యాభై ఏళ్ళ రికార్డు ఉన్న ఆప్టిక్స్ కొలత ఇంకొకటి లేదు కాబట్టి. వెడ్డెల్ సముద్రంలో 1986లో దాదాపు 80 మీటర్ల దాకా డిస్క్ కనిపించింది. శుద్ధ జలానికి లెక్క కడితే వచ్చేదీ ఇంచుమించు అంతే.

నీలికలువ గారికి: కన్ను మంచి డిటెక్టరే, వాడే పద్ధతి ఉండాలి. నేను ఓడల మీద పరికరాలు దించి ఎక్కించే పనిలోనే రిటైరయ్యాను. లావణ్యా, ఇవి నోట్ చేసుకో. సముద్రానికి 30 సెంటీమీటర్ల తెల్ల డిస్క్ వాడతారు, నలుపు తెలుపు గళ్ళది చెరువులకీ సరస్సులకీ. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య చెయ్యి. బోటు నీడ పడే పక్కన నిలబడు, ఎండ మెరుపు కంట్లో పడకూడదు. కూలింగ్ గ్లాసులు తీసెయ్, పోలరాయిడ్‌వి అయితే అంకె మారిపోతుంది. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనిపించిన లోతు రెండూ రాసి సగటు తియ్యి. ప్రవాహానికి తాడు ఏటవాలుగా పోతే బరువు పెంచు. డిస్క్ అడుగున ఆనినా కనిపిస్తూనే ఉంటే "అడుగు కనిపించింది" అని రాయి, ఆ లోతును సెక్కీ లోతుగా రాయకు. మూడు నెలలూ చూసేది ఒక్కరే అయితే ఇంకా మంచిది.

ఫిజిక్స్_మాష్టారు
దాన్ని అంకెల్లోకి మార్చడం కూడా చెబుతాను. పూల్, అట్కిన్స్ ఇంగ్లిష్ ఛానెల్‌లో కొలిచి 1929లో ఇచ్చిన సూత్రం: 1.7ని సెక్కీ లోతుతో భాగిస్తే పగటి వెలుతురు తగ్గే రేటు. సెక్కీ 6 మీటర్లు అయితే 0.28. ఉపరితల వెలుతురులో 1 శాతం మిగిలే లోతు 4.6ని దానితో భాగిస్తే వస్తుంది, సుమారు 16 మీటర్లు. మొక్క ప్లాంక్టన్ బతకగలిగేది ఇంచుమించు అక్కడిదాకే. బురద నీటికి 1.7 ఎక్కువవుతుంది, 1970లో హోమ్స్ 1.44 అన్నాడు. నీ ఫలితం ఏ స్థిరాంకంతో వచ్చిందో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

భీమవరం_రాజు
నమస్తే అండి. నేను సముద్రం మనిషిని కాదు, నావి వనామి రొయ్యల చెరువులు. సెక్కీ డిస్క్ అనగానే ఆగాను. మేము రోజూ పొద్దున్న చూస్తామండి. 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే నీరు బాగుందని. 20కి పడిపోతే ప్లాంక్టన్ మరీ పెరిగిందని, రాత్రికి ఆక్సిజన్ దిగిపోతుందని ఏరియేటర్లు పెంచుకుంటాం.

ఈమధ్య టర్బిడిటీ మీటరు (నీటి మురికిదనం చూపేది) కొనమని ఒకాయన వెంటపడ్డాడు. ఆయన మీటరు 40 చూపించింది. పక్క చెరువు వాళ్ళ మీటరు అదే నీటికి 28 చూపించింది. ఏది కరెక్టు అంటే ఇద్దరూ మాదే అంటారు. మీలో తెలిసినవాళ్ళు చెప్పండి.

హాలిఫాక్స్_హరి
రాజు గారూ, రెండూ కరెక్టే అయి ఉండొచ్చు. మీటరు వెనక స్టిక్కర్ చూడండి. ఎన్‌టీయూ అని ఉంటే సాధారణంగా తెల్లటి టంగ్‌స్టన్ దీపం, అమెరికా పద్ధతి. ఎఫ్‌ఎన్‌యూ అని ఉంటే 860 నానోమీటర్ల దగ్గర కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్, ఐఎస్ఓ 7027 పద్ధతి. రెండూ పక్కకి, 90 డిగ్రీల కోణంలో చెదిరిన కాంతినే చూస్తాయి. ఫార్మజిన్ అనే తెల్లటి ద్రావణంతో రెండిటినీ కాలిబ్రేట్ చేస్తారు, కాబట్టి ఫార్మజిన్‌లో రెండూ ఒకటే చూపిస్తాయి. మీ చెరువులో ఉన్నది ఫార్మజిన్ కాదు, పచ్చటి ఆల్గే. తెల్ల కాంతిలో కొంత భాగాన్ని అది మింగుతుంది, 860 దగ్గర పెద్దగా మింగదు. కణాల సైజు మారినా తేడా వస్తుంది.

నా మాట వింటే కొనకండి. మీకు కావలసింది "నిన్నటికంటే చిక్కబడిందా" అన్న సంగతి. అది డిస్క్ చెబుతోంది. ఆ డబ్బు మంచి ఆక్సిజన్ మీటరు మీద పెట్టండి.

నిర్వాహకుడు
రాజు గారూ, చెరువుల మీద ప్రశ్నలు ఇంకా ఉంటే ఆక్వా విభాగంలో కొత్త చర్చ తెరవండి, ఇక్కడివాళ్ళు అక్కడికీ వస్తారు. ఇది సముద్రం దారిలోనే ఉంచుదాం.

పిక్సెల్_ప్రసాద్
సరే, సెక్కీ మీద వెనక్కి తగ్గను గానీ లావణ్యకి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. మీ డిపార్ట్‌మెంట్‌లో చేత్తో పట్టుకునే స్పెక్ట్రోరేడియోమీటర్ (ఒక్కో రంగులో వెలుతురు ఎంతో కొలిచేది) ఎవరి దగ్గరైనా ఉంటుంది, రిమోట్ సెన్సింగ్ వాళ్ళని అడగండి. పంటల మీద వాడేదే నీటి మీదా పనికొస్తుంది.

మూడు చూడాలి: నీరు, ఆకాశం, బూడిదరంగు ప్రమాణ పలక. నీటి వైపు నిట్టనిలువు నుంచి 40 డిగ్రీల వాలులో, సూర్యుడి దిక్కు నుంచి 135 డిగ్రీలు పక్కకి తిరిగి చూడాలి. అప్పుడు మెరుపూ తక్కువ, బోటు నీడా తక్కువ. ఆకాశాన్ని అదే కోణంలో పైకి చూడాలి. ఆకాశం విలువలో 0.028 వంతు నీటి విలువలోంచి తీసేస్తే ప్రతిబింబం పోతుంది. గాలి సెకనుకి 5 మీటర్లు దాటనప్పుడు వాడమని కర్టిస్ మాబ్లీ 1999లో ఇచ్చిన సంఖ్య అది. మిగిలిందాన్ని కిందికి వచ్చే మొత్తం వెలుతురుతో భాగిస్తే వచ్చేదే మేము ఉపగ్రహంలో చూసే పరావర్తనం. మీరు అది కొలిచి ఇస్తే నా పిక్సెల్‌తో పోల్చి చూద్దాం. హార్బర్ దగ్గర నా అల్గారిథం ఎంత తప్పుతోందో నాకూ తెలియాలి.

కాకినాడ_మూర్తి
ఇప్పుడు దారికొచ్చారు.

పిక్సెల్_ప్రసాద్
రాలేదండీ, మబ్బు లేని రోజు వస్తాను.

ఫిజిక్స్_మాష్టారు
ప్రతిబింబం తీసేయడం అనగానే రామన్ గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన చిన్నతనం వైజాగ్‌లోనే గడిచింది. తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు, రామన్ చదివింది సెయింట్ అలోషియస్ స్కూల్లో. 1921లో ఇంగ్లండ్ నుంచి ఎస్ఎస్ నార్కుండా ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రం నీలం చూశారు. అప్పటిదాకా పేరున్న భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ చెప్పింది: ఆ ముదురు నీలం ఆకాశపు ప్రతిబింబమే అని. రామన్ దగ్గర ఉన్న పరికరం ఒక నికోల్ ప్రిజం, అంటే ఒకే దిశలో కంపించే కాంతినే పోనిచ్చే స్ఫటికం. నీటి ఉపరితలం నుంచి బ్రూస్టర్ కోణం అనే ఒక ప్రత్యేక కోణంలో ప్రతిఫలించే కాంతి ధ్రువితమై (ఒకే దిశలో కంపిస్తూ) ఉంటుంది కాబట్టి, ప్రిజం తిప్పి దాన్ని ఆపేశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. బొంబాయి రేవులో దిగగానే నేచర్ పత్రికకి ఉత్తరం పంపారు.

ఆయన చెప్పింది నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం గురించి. దానికి తోడు నీరు ఎరుపును బాగా మింగుతుంది, నీలాన్ని దాదాపు వదిలేస్తుంది. 1997లో పోప్, ఫ్రై కాంతిని లోపలే పదే పదే తిప్పే గూడులో శుద్ధ జలాన్ని కొలిస్తే 418 నానోమీటర్ల దగ్గర మీటరుకి 0.0044 మాత్రమే వచ్చింది. ఎరుపు 660 దగ్గర హరి చెప్పిన 0.4తో పోల్చుకో, తొంభై రెట్లకు పైనే.

ఆ నికోల్ యుక్తి పాతబడలేదు. ముందు పోలరైజర్ బిగించి నీటి మెరుపును కోసేసే రేడియోమీటర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

హాలిఫాక్స్_హరి
మాష్టారూ, ఆయన పేరు మా పరికరాల్లో రోజూ వినిపిస్తుంది. నీటి రామన్ పరిక్షేపణ (చెదిరేటప్పుడు కాంతి రంగే మారడం) వల్ల 488 నానోమీటర్ల కాంతి 585 దగ్గర తేలుతుంది. ఫ్లోరోమీటర్లలో (కాంతి వేసి, పదార్థం తిరిగి వెదజల్లే వెలుగును కొలిచేవి) అది అడ్డం కాకుండా ఫిల్టర్లు ఎంచుకోవాలి. తేట సముద్రంలో లోతుకి వెళ్తే ఎరుపు వెలుతురులో చాలా భాగం సూర్యుడి నుంచి నేరుగా వచ్చింది కాదు, రామన్ మార్పిడి వల్ల అక్కడే పుట్టింది. రేడియోమీటర్ పట్టిక చూసి పరికరం పాడైందనుకునేవాళ్ళూ ఉన్నారు.

అలల_లావణ్య
ఒక సీనియర్ డేటా చూశాను. ఫ్లోరోమీటర్‌లో మధ్యాహ్నం ఉపరితలం దగ్గర క్లోరోఫిల్ తగ్గిపోతోంది, రాత్రి మళ్ళీ పెరుగుతోంది. పైగా బాటిల్ నీటిని వడగట్టి ల్యాబులో తీసిన విలువకి దాదాపు రెట్టింపు చూపిస్తోంది. ఫ్లోరోమీటర్ పాడైందా?

హాలిఫాక్స్_హరి
పాడవలేదు. ఫ్లోరోమీటర్ క్లోరోఫిల్‌ని కొలవదు, అది వెదజల్లే ఎరుపు వెలుగును కొలుస్తుంది. ఎండ మండుతుంటే మొక్క ప్లాంక్టన్ అదనపు శక్తిని వేడిగా వదిలేసుకుంటుంది, వెలుగు తగ్గుతుంది. క్లోరోఫిల్ అక్కడే ఉంటుంది. సముద్రంలో తమంతట తామే మునిగి తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల డేటాలో దీన్ని సవరించడానికి పద్ధతులున్నాయి. ఆ ఫ్లోట్లు కిందికి దిగినప్పుడు దొరికే చీకటి నీటి విలువను సున్నాగా వాడుకోవడం కూడా అందులో భాగమే.

రెట్టింపు సంగతి కూడా తెలిసిందే. ఎక్కువగా వాడే ఒక రకం ఫ్లోరోమీటర్లు ఫ్యాక్టరీ కాలిబ్రేషన్‌తో ప్రపంచ సగటున రెండు రెట్లు చూపిస్తాయని 2017లో రోస్లర్, సహచరులు చూపించారు. మీ నీటికి మీ బాటిల్ శాంపిళ్ళతోనే గుణకం కట్టుకోండి.

నీలికలువ
అంటే ఏ పరికరమూ తను కొలిచేది నేరుగా చెప్పదన్నమాట!

ఫిజిక్స్_మాష్టారు
అన్నీ వెలుతురునే కొలుస్తాయమ్మా. వెనక్కి చెదిరే కాంతి సెన్సర్ సంగతి చూడు. దాదాపు 120 డిగ్రీల దగ్గర ఒక్క కోణంలో చూసి మొత్తం వెనకవైపు విలువ అంచనా కడుతుంది. ఉపగ్రహానికి ముఖ్యమైనది అదే. కణాలు చెదరగొట్టే కాంతిలో ఒకటి రెండు శాతమే వెనక్కి వస్తుంది, ఉపగ్రహం చూసేది అందులో నుంచే. అన్ని కోణాల్లోనూ కొలవడం ఎంత కష్టమంటే, పెట్జోల్డ్ బహమాస్, కాలిఫోర్నియా తీరం, శాన్‌డియేగో రేవు ఈ మూడుచోట్ల కొలిచి 1972లో ఇచ్చిన పట్టికలనే ప్రపంచమంతా దశాబ్దాల తరబడి వాడుకుంది.

అలల_లావణ్య
ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి ఒక ప్లాను అనుకున్నాను. హార్బర్ ముఖద్వారం నుంచి 30 మీటర్ల దాకా ఒకే గీత మీద స్టేషన్లు. ప్రతిచోటా సీటీడీతో కలిపి ట్రాన్స్‌మిసోమీటర్, సెక్కీ, నీటి శాంపిలు. రేడియోమీటర్ దొరికితే అదీ. శాంపిల్ నుంచి సీడామ్ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చేస్తాను. ఇది సరిపోతుందా? అసలు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నానో గైడ్ గారు అడుగుతారు.

కాకినాడ_మూర్తి
ప్రశ్న నీ నెలల్లోనే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది వరద నీరు ఉప్పు తక్కువగా మన తీరం వెంబడి దిగుతుంది. ఫిబ్రవరి తర్వాత తిరగబడుతుంది. వైజాగ్ దగ్గర అడుగు నీరు పైకి రావడం అప్పటి మాట. 1950లలో సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఉండి చూసినవి ఇవే. కాబట్టి: ఆ తక్కువ ఉప్పు నీటితో సీడామ్ ఎంత వస్తోంది, హార్బర్ సొంత మురికి ఎంత? ఉప్పుకి ఎదురుగా సీడామ్ గీస్తే ఒక గీత మీద పడేది నది నీరు. గీత మీద నుంచి పైకి లేచే చుక్కలు ఉంటే అవి ఇంకెక్కడి నుంచో వచ్చినవి.

హాలిఫాక్స్_హరి
మూర్తి గారు చెప్పింది మంచి ప్రశ్న. ఉన్న సామానుతో జవాబు దొరుకుతుంది, ఏసీ-ఎస్ అక్కర్లేదు. అది ఉన్నా రోజూ శుద్ధ జలంతో సరిచూసుకోవాలి, బుడగలు పోగొట్టాలి, ఉష్ణోగ్రతకీ ఉప్పుకీ సవరించాలి. చేసే మనిషి లేకపోతే పెట్టెలోనే ఉంటుంది.

సీడామ్‌కి జాగ్రత్తలు: 0.2 మైక్రాన్ల ఫిల్టర్, ముందుగా కొంచెం నీరు పోనిచ్చి పారబొయ్యండి. ముదురు గోధుమరంగు గాజు సీసా, ప్లాస్టిక్ వద్దు. ఐసు పెట్టెలో చీకట్లో తెచ్చి వీలైనంత త్వరగా చెయ్యండి. 10 సెంటీమీటర్ల క్వార్ట్జ్ క్యువెట్ (శాంపిల్ పోసి కాంతి పంపే పాత్ర) వాడండి, 1 సెంటీమీటరుది తీరజలాలకి చాలదు. శాంపిలూ, పోల్చే శుద్ధ జలమూ రెండూ గది వేడికి రావాలి. అబ్సార్బెన్స్‌ని 2.303తో గుణించి 0.1 మీటరుతో భాగిస్తే శోషణ గుణకం. 0.05 వస్తే 1.15 అన్నమాట.

పిక్సెల్_ప్రసాద్
ఇది నాకూ కావాలి. సీడామ్ నీలాన్ని మింగితే నా అల్గారిథం దాన్ని క్లోరోఫిల్ అనుకుని అంకె పెంచేస్తుంది. తీరంలో మా ప్రధాన జబ్బు ఇదే. లావణ్యా, మీ కొలతలు అయ్యాక ఆ తారీఖుల చిత్రాలు తీసి పంపుతాను.

మూర్తి గారు మళ్ళీ మొదలుపెట్టకముందే నేనే చెప్పేస్తాను: ఉపగ్రహాన్ని సరిచేసేదీ నీటిలో ఉన్న పరికరమే. హవాయిలో లనాయ్ దీవి పక్కన మోబీ అనే తేలే పరికరం (బాయ్) 1997 నుంచి ఆ పని మీదే ఉంది. ఉపగ్రహానికి చేరే నీలం వెలుతురులో దాదాపు 90 శాతం గాలిదే, నీటిది మిగిలిన కాస్త. గాలి లెక్కలో చిన్న తేడా వచ్చినా నీటి వాటా మొత్తం తారుమారు.

కాకినాడ_మూర్తి
మీరే ఒప్పుకున్నాక నాకేం పని లేదు.

ఒక మాట మాత్రం. పరికరాలను నీటిలో వదిలేసి వచ్చే ఆలోచన పెట్టుకోవద్దు లావణ్యా. మన నీటిలో అద్దం మీద పాచి కొద్ది రోజుల్లోనే పట్టేస్తుంది, ఆపైన గుల్లలు. రాగి మూత, తుడిచే బ్రష్ ఉన్నవి కొంతకాలం ఆగుతాయి. ఒక ప్రాజెక్టులో, పేరు వద్దు, బాయ్ మీది సెన్సర్ నెలనెలా "బురద పెరుగుతోంది" అని చూపిస్తే దాని మీద సెమినార్ కూడా జరిగింది. పైకి తీస్తే అద్దం మీద గుల్లలు గుత్తులు గుత్తులు. రిపోర్టు మాత్రం సరిచెయ్యలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

అలల_లావణ్య
ధన్యవాదాలండీ. గైడ్ గారికి పంపేశాను, "ముందు రెండు స్టేషన్లు చేసి చూపించు" అన్నారు. రేడియోమీటర్ కూడా రిమోట్ సెన్సింగ్ వాళ్ళు శనివారాలు ఇస్తామన్నారు. చివరి సందేహం: ఆకాశం సగం మబ్బు, సగం ఎండ ఉంటే ప్రసాద్ గారు చెప్పిన 0.028 పనికొస్తుందా?

పిక్సెల్_ప్రసాద్
పనికిరాదు. మబ్బు ముక్కలు అలల మీద ఒక్కోచోట ఒక్కో వెలుతురు పడేస్తాయి. అలాంటప్పుడు సూర్యుడి ముందు మబ్బు లేని నిమిషాల కోసం ఆగండి. మూడు రీడింగులూ వెంటవెంటనే తీసి, ఆ వరస మొత్తం చాలాసార్లు చెయ్యండి. నీటి రీడింగుల్లో మరీ వెలిగిపోయినవి మెరుపులే, వాటిని పక్కన పెట్టండి. ఆకాశం ఫోటో ప్రతి స్టేషన్‌లో ఒకటి తీసుకోండి, తర్వాత ఏ రోజు వదిలెయ్యాలో అదే చెబుతుంది.

కాకినాడ_మూర్తి
డిస్క్‌కి నైలాన్ తాడు కట్టకు. తడిస్తే సాగుతుంది, నీ మీటర్ల గుర్తులన్నీ పక్కకి పోతాయి. సాగని తాడు తీసుకుని, తడిపి, బరువు వేలాడదీసి అప్పుడు గుర్తులు పెట్టు. నెలకోసారి టేపుతో సరిచూడు.